అడగలేనివాడు: నిరుద్యోగి బిడియమూ, మన విమర్శా

మన కథల్లో నిరుద్యోగి కొత్తవాడు కాడు. ఖాళీ జేబు, అరిగిన చెప్పులు, ఇంట్లో ఎదురుచూసే తల్లి, ‘ఖాళీలు లేవు’ అన్న బోర్డు: ఈ సామగ్రితో తయారైన పాత్ర పాఠకులకు ఏనాటినుంచో పరిచితమే. అయితే అతని పక్కనే మరొకడు నిలబడి ఉన్నాడు. బోర్డు మీద ఖాళీలున్నాయని రాసి ఉన్నా గుమ్మం దాటి లోపలికి అడుగు పెట్టలేనివాడు. అతనికి పని కావాలి, అర్హత ఉన్నది, ఇంట్లో అవసరమూ ఉన్నది. అడగడమొక్కటే చేతకాదు. ఇతణ్ణి మన విమర్శ ఎట్లా చూస్తున్నది అన్నదే ఈ వ్యాసంలో నేను చర్చించదలచిన విషయం.

ముందుగా మాట స్పష్టం చేసుకోవాలి. కొత్తవారి ముందు నోరు తడబడటం అందరికీ ఉన్నదే. నేను చెప్పేది అది కాదు. నలుగురూ తనను చూసి తూకం వేస్తున్నారు, తన మాట తప్పుతుంది, నవ్వుతారు అన్న భయం మనిషిని రోజుల తరబడి పట్టుకొని, చేయవలసిన పనిని చేయనివ్వకపోతే అది వేరు. గొంతు ఎండిపోతుంది, చేతులకు చెమటలు పడతాయి, గుండె దడదడలాడుతుంది. అమెరికా మనోవైద్యుల సంఘం 1980లో తన వర్గీకరణలో దీనిని ప్రత్యేకమైన జబ్బుగా చేర్చింది. చాలామందిలో ఇది హైస్కూలు ప్రాయంలోనే మొదలవుతుంది. తప్పించుకున్నకొద్దీ పెరగడం దీని లక్షణం. గుమ్మం దగ్గరనుంచి వెనక్కి తిరిగినవాడికి ఆ క్షణాన ప్రాణం హాయిగా ఉంటుంది. ఆ హాయే మరుసటి గుమ్మాన్ని మరింత ఎత్తు చేస్తుంది.

ఈ మనిషిని మన నవల ఎరగకపోలేదు. గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’లో సీతారామారావు ఉన్న ఆస్తి పోగొట్టుకొని, లోకంలో ఎక్కడా ఇమడలేక, తనతో తాను వాదించుకుంటూ నాశనమవుతాడు. 1916లో ఏలూరులో పుట్టిన బుచ్చిబాబు రాసిన ‘చివరకు మిగిలేది’లో దయానిధికి చదువున్నది, వైద్య వృత్తి ఉన్నది, అయినా తల్లిని గురించి లోకం చెప్పుకొనే మాట అతని వెంట నీడలా వస్తుంది. రావిశాస్త్రి ‘అల్పజీవి’లో సుబ్బయ్యకు గుమాస్తా ఉద్యోగమే ఉన్నది. కాని తనవాళ్ళ కోసం కాంట్రాక్టరు గవరయ్యను అప్పు అడగవలసి వచ్చేసరికి అతని లోపల పుట్టే అలజడిని రచయిత చైతన్యస్రవంతి పద్ధతిలో మన ముందుంచాడు. ముగ్గురిలోనూ మన సమస్యకు దగ్గరివాడు సుబ్బయ్యే. ఎందుకంటే అడగడమే అతని గండం. ఉద్యోగం వెతకడమంటే అడగడమే గదా!

ఈ పాత్రలను విమర్శకులు రెండు విధాలుగా వ్యాఖ్యానించారు. ఒక పక్షం ‘ఆత్మన్యూనతాభావం’ అని ముద్ర కొట్టి కాగితం కట్టలో పెట్టేసింది. రెండో పక్షం, అనగా మన పక్షం, ‘మధ్యతరగతి బలహీనత’ అని తీర్పు చెప్పింది. శ్రమ చేసేవాడికి ఇటువంటి జబ్బులుండవని, ప్రజాజీవితంలోకి వస్తే ఇవన్నీ ఎగిరిపోతాయని మన సభల్లో తరచు వినబడేది. పైకి ఈ రెండూ పరస్పర విరుద్ధంగా కనిపిస్తాయి. కాని రెండూ లోపాన్ని ఆ మనిషిలోనే చూస్తున్నాయి. అతని ఎదుట బల్లకు అవతల కూర్చున్నవాణ్ణి రెండూ చూడలేదు. రావిశాస్త్రి చూశాడు. సుబ్బయ్య భయం కొండంతలు చేసి చూసుకొనే భయమే కావచ్చును. అయినా పైవాడు తలచుకుంటే కిందివాణ్ణి చెరపగలడన్నది సుబ్బయ్య కల్పన కాదు.

కొల్లేటి లంక గ్రామాలనుంచి ఏలూరు కళాశాలలకు వచ్చే విద్యార్థులను గమనిస్తే ఆ రెండు వ్యాఖ్యానాలూ చాలవని తేలుతుంది. 1999లో కొల్లేటిని అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో దాని హద్దులోపలి చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. సరస్సును కాపాడుకోవడం అవసరమే. దానిని ఎవరూ కాదనరు. కాని చెరువు మీద కూలి పోయిన ఇళ్ళలో, నాలుగక్షరాలు చదువుకున్న పిల్లవాడి ఉద్యోగమే ఆధారమై కూర్చున్నది. చెరువు పనికి ఎవరూ దరఖాస్తు పెట్టరు. వల లాగే ముఠాలో మామయ్యో బాబాయో ఉంటాడు, తెల్లవారుజామున పిలుస్తాడు, కుర్రవాడు లేచి వెళతాడు. ఊళ్ళో కొత్తముఖం కనిపిస్తే అడిగే ప్రశ్న ‘ఎవరబ్బాయివి?’ అని. దానికి జవాబు పుట్టుకతోనే సిద్ధంగా ఉంటుంది. అదే కుర్రవాడు తాడేపల్లిగూడెంలో ఒక ఆఫీసు గదిలో కూర్చుంటే వచ్చే మొదటి ప్రశ్న ‘నీ గురించి చెప్పు’ అని. అదీ చాలాసార్లు ఇంగ్లీషులో.

ఈ రెండు ప్రశ్నల మధ్య దూరం ఒక రైలు ప్రయాణమంత మాత్రమే కాదు. తన సంగతి తానే పొగిడి చెప్పుకోవడం తప్పని నేర్పిన ఇంటినుంచి వచ్చినవాడు, ఇక్కడ తన్ను తాను సరుకుగా వర్ణించి ధర కట్టమని అడగాలి. అంతమాత్రాన మొదటి ప్రశ్న మంచిదనీ, పాతరోజులు బంగారమనీ నేను అనడం లేదు. ‘ఎవరబ్బాయివి?’ అన్నదానిలో కులం ఆరా ఉన్నది. రెండో ప్రశ్నలో కులం పేరెత్తరు. ఉచ్చారణ, చొక్కా, కుర్చీలో కూర్చునే తీరు చూసి లెక్క కడతారు. తనను చూస్తున్నారనే అనుమానం ఆ గదిలో జబ్బు మాత్రమే కాదు, నిజం కూడా. రోగమూ వాస్తవమూ ఇట్లా ఒకదానికొకటి తోడయినచోట ‘ధైర్యంగా ఉండు’ అన్న ఉపదేశం ఎందుకూ కొరగాదు.

నా దగ్గర చదువుకున్న ఒక కుర్రవాడు నాలుగు నెలలపాటు ఇంటర్వ్యూలకని ఏలూరులో రైలెక్కి, తాడేపల్లిగూడెంలో దిగి, స్టేషన్ బెంచీ మీద సాయంకాలం దాకా కూర్చొని తిరిగి వచ్చేవాడు. ఇంట్లో అడిగితే ‘అయింది, కబురు చేస్తామన్నారు’ అనేవాడు. చివరకు నాతో చెప్పినప్పుడు అతని మాట ఇది: “వాళ్ళు కాదంటారని కాదండి మాస్టారూ. కాదంటే వచ్చేస్తాను. వాళ్ళు చూస్తారండి, అదండి నా భయం.” ఇతణ్ణి సోమరి అనడం సులభం. కాని నెలకు నాలుగైదుసార్లు వేకువనే లేచి, ఇస్త్రీ చొక్కా తొడిగి, అంతదూరం వెళ్ళి ఓడిపోయి రావడానికి ఎంత శ్రమ కావాలో ఆలోచించండి. సోమరి అయితే ఇంట్లోనే పడుకొనేవాడు.

పని లేనివాణ్ణి ‘వెతుకుతున్నట్లు చూపించు’ అని నిర్బంధించడం కొత్త సంగతి కాదు. బ్రిటన్‌లో 1921 మొదలు 1930 దాకా నిరుద్యోగ భృతికి ఒక షరతు ఉండేది. తాను నిజంగా పని వెతుకుతున్నానని కార్మికుడే రుజువు చేసుకోవాలి. పనులు లేవని అధికారులకు తెలిసినా ఫాక్టరీ గేట్ల చుట్టూ తిరిగిన లెక్క అప్పజెప్పాలి. కార్మికోద్యమం పోరాడగా ఆ షరతు 1930లో పోయింది. మన రాష్ట్రంలో నెలకు వెయ్యి రూపాయల భృతి 2018 అక్టోబరులో మొదలై, మరుసటి సంవత్సరం ప్రభుత్వం మారాక ఆగిపోయింది. ఇక్కడ ఆ లెక్క అడిగేది ఆఫీసు కాదు, ఇల్లూ, వీధీ. పెళ్ళిపందిట్లో, బస్సులో, దుకాణం దగ్గర ‘ఏం చేస్తున్నావురా?’ అన్న ఒక్కమాట చాలు. ఇంటర్వ్యూకు భయపడినవాడు క్రమంగా పెళ్ళిళ్ళకు పోవడం కూడా మానేస్తాడు.

కొంత మార్పు పైనుంచీ వచ్చింది. కేంద్ర ప్రభుత్వం 2016 జనవరినుంచి కిందిశ్రేణి ఉద్యోగాలకు ఇంటర్వ్యూలు తీసివేసింది. 2019లో గ్రామ, వార్డు సచివాలయాల నియామకాలు వ్రాతపరీక్ష మార్కుల మీద జరిగాయి. సిఫారసులు తగ్గించడానికని వచ్చిన ఈ పద్ధతి, ముఖం చూపించలేనివాడికి కూడా ఒక దారి తెరిచింది. కాని ఆ ఉద్యోగాలు కొద్ది. మిగిలినవాళ్ళకు ప్రయివేటు కంపెనీల గదులే గతి.

మరి ఏం చేయాలి? వైద్యులు చెప్పే మార్గం ఒకటున్నది: భయాన్ని ముక్కలు చేసి, చిన్న ముక్కతో మొదలుపెట్టి, తప్పించుకోకుండా మళ్ళీమళ్ళీ ఎదుర్కోవడం. అవసరమైతే మందు కూడా ఉన్నది. 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్‌లో 14416 నంబరుకు ఫోను చేస్తే ఉచితంగా సలహా దొరుకుతుంది. నేను చెప్పిన కుర్రవాడు మొదట స్టేషన్ విచారణ కిటికీ దగ్గర రైలు వేళ అడిగాడు. తరువాత ఒక మిత్రుడితో కలిసి వెళ్ళి దరఖాస్తు ఇచ్చి వచ్చాడు. ఆపైన మా చదువు గదిలో నలుగురు తోటివాళ్ళు బల్లకు అవతల కూర్చుంటే, ముందు తెలుగులో, తరువాత ఇంగ్లీషులో జవాబు చెప్పడం అలవాటు చేసుకున్నాడు. ఆరో ఇంటర్వ్యూలో గొంతు వణుకుతూనే చివరిదాకా మాట్లాడాడు. భయం పోలేదు; దానితోనే గుమ్మం దాటాడు. విద్యార్థి సంఘాలు, ఉపాధ్యాయులు సర్క్యులర్లు పంచినంత శ్రద్ధగా ఈ నాలుగు కుర్చీలు వేయగలిగితే అదీ ఉద్యమంలో భాగమే.

ఇక రచయితల సంగతి. ఊరేగింపులో జెండా పట్టుకోగానే పిరికివాడి భయమంతా మటుమాయమయ్యే కథలు మన పత్రికల్లో ఎన్నో వచ్చాయి. అవి ఆశయం రీత్యా మంచివే కాని, మనిషి రీత్యా అసత్యాలు. అట్లాగని అతణ్ణి జాలితో తవ్వి తవ్వి అక్కడే వదిలివేయడమూ వాస్తవికత కాదు. బల్లకు ఇవతల వణికే చేతులనూ, అవతల తూకం వేసే కళ్ళనూ ఒకే దృశ్యంలో చూపగల కథ మనకు కావాలి. ‘అల్పజీవి’ ఆ దారిలో చాలాదూరం నడిచింది. కొల్లేటి లంకనుంచి వచ్చిన సుబ్బయ్య కథ ఇంకా రాయవలసి ఉన్నది. దానిని రాయబోయే యువకుడు బహుశా మన తరగతి గదుల్లోనే, వెనక బెంచీలో, ప్రశ్న అడగడానికి జంకుతూ కూర్చొని ఉంటాడు. ముందుగా అతని పలుకు వినడం మన బాధ్యత.