గోపురం దగ్గర మొదలై గోపురం దగ్గరే ఆగే చరిత్ర

ఊరు చూపించడం కూడా ఒక రచనే. ఎక్కడ మొదలుపెట్టాలి, ఎవరి పేరు చెప్పాలి, ఏ సందు దగ్గర వెనక్కి తిరగాలి – ఇవన్నీ గైడు తీసుకునే నిర్ణయాలు. కాబట్టి పుస్తకాన్ని విమర్శించినట్టే ఆ నడకనూ విమర్శకు పెట్టాలి. మార్కాపురంలో ఒక పొద్దున, కంభం చెరువు కట్టమీద అదే రోజు సాయంత్రం ఒక గైడు వెంట నేను నడిచిన నడక గురించి ఈ వ్యాసం. మాది తర్లుపాడు. రైల్లో పోతే మార్కాపురానికీ కంభానికీ నడుమ వచ్చే స్టేషను. అటు చరిత్ర, ఇటు చరిత్ర. నడుమ మేం.

గైడు పెద్దాయన. లక్ష్మీ చెన్నకేశవస్వామి గుడి గాలిగోపురం కింద నిలబెట్టి విజయనగర రాజుల కాలం నుంచి ఎత్తుకున్నాడు. స్తంభాల మీది శిల్పాలు ఒక్కొక్కటే చూపించాడు. నడుమ అడిగాడు: "ఏ ఊరు సార్ మీది?" తర్లుపాడన్నాను. "తర్లుపాట్లో ఎవరిళ్లు?" చెప్పాను. ఆయన గొంతేమీ మారలేదు. కాని అక్కడి నుంచి 'మీరు' కాస్తా 'నువ్వు' అయింది. చరిత్ర చెప్పేవాడికి వినేవాడి కులం ఎందుకు కావాల్సొచ్చింది? ఈ చరిత్రకు వారసుడెవరో, చూసిపోయేవాడెవరో తేలందే ఆ కథ ముందుకు సాగదు గనుక.

ఆయన రాజుల కాలాలన్నీ చెప్పాడు. 1947 చెప్పలేదు. అప్పుడు మార్కాపురం కర్నూలు జిల్లాలో, మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. ఆ ఏడు మద్రాసు ప్రభుత్వం ఆలయ ప్రవేశ చట్టం చేసింది. అందాకా మా తాతల తరానికి గుడి అంటే బయటి గోడే. గుడి ఎప్పుడు కట్టారన్నది సగం చరిత్ర. దాని తలుపు ఎవరికి ఎప్పుడు తెరుచుకుందన్నది మిగతా సగం. ఆ సగం ఏ బోర్డు మీదా ఉండదు.

కంభంలోనూ ఇదే వరస. రెండు కొండల నడుమ గుండ్లకమ్మకు అడ్డంగా వేసిన కట్ట అది. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల, డ్రైనేజీ కమిషన్ వారసత్వ కట్టడంగా గుర్తించింది. రాణి వరదరాజమ్మ కట్టించిందన్నాడు గైడు. మట్టి మోసిందెవరన్నాను. "జనం" అన్నాడు. కంభానికి దక్షిణాన, కడప జిల్లాలో పోరుమామిళ్ల చెరువుంది. దాని 1369 నాటి శాసనం ఇంతకన్నా నయం. రోజుకు వెయ్యిమంది కూలీలు, రాయి తోలడానికి వంద బండ్లు, రెండేళ్ల పని అని లెక్క చెబుతుంది. కట్టించిన రాజకుమారుడికి పేరుంది. వెయ్యిమందికి లెక్క మాత్రమే ఉంది.

అభ్యుదయ చరిత్రకారులు ఈ జనాన్ని 'శ్రామికులు' అన్నారు. అదొక అడుగు ముందుకే. కాని తూము ఎత్తి దించి చేలకు నీళ్లు పంచే నీరుగంటి పని చాలా ఊళ్లలో మాలమాదిగలకే ఎందుకొచ్చింది? ఊరి చేలన్నిటికీ నీళ్లు పంచిన చేతికి ఊరి బావిలో చేద వేసే హక్కు ఎందుకు లేకపోయింది? శ్రమ అన్న ఒక్క మాట దీనికి జవాబు చెప్పదు. కులం అన్న మాట ఎత్తాల్సిందే.

నేనూ ఈ విమర్శకు బయట లేను. పరిశోధన కోసం శాసనాల నకళ్లు ఎత్తి రాసుకున్నాను గాని మాయమ్మను ఒక్క మాట అడగలేదు. ఆమె పుట్టిల్లు మార్కాపురమే. ఎనిమిదేళ్లప్పుడే పలకల పనికి పోయింది. కంభం నుంచి వచ్చిన వారానికి ఆమెను గైడుగా పెట్టుకుని మళ్లీ మార్కాపురం నడిచాను. పల్లె నుంచి మొదలుపెట్టింది. "ఈ చెట్టుకింద కూచోనిచ్చేటోళ్లు. ఆ అరుగుమీద కూచోనీరు. ఈడ హోటలుండేది, మన గ్లాసు బయట చూరుకింద. మనమే కడిగి పెట్టాల. ఈ సందున పోతే దగ్గరే, కాని చుట్టు తిరిగి పోయేటోళ్లం." ఎందుకన్నాను. "ఎందుకేంది, పోనీరు గదా!"

ఆమె చెప్పిన ఊరు నీడ, నీళ్లు, దారి – ఈ మూడిటి లెక్కన ఉంది. ఇది ఏ శాసనంలోనూ లేని మార్కాపురం. తెలుగు పిల్లలు అక్షరాలు దిద్దిన పలకల మీద ఈ ఊరి రాయి ఉంది. ఆ రాయిని పొరలుగా చీల్చి, కోసి, నునుపు చేసిన చేతుల్లో పసిచేతులున్నాయి. రాతి దుమ్ము పీల్చిన ఊపిరితిత్తులున్నాయి. 1988లో కేంద్రం బాలకార్మిక ప్రాజెక్టులు మొదలుపెట్టినప్పుడు మార్కాపురం పలకల పరిశ్రమ ఆ జాబితాలో ఉంది. మాయమ్మ ఎన్ని పలకలు నునుపు చేసిందో ఆమెకే తెలియదు. ఒక్కదాని మీదా అక్షరం దిద్దలేదు. ఇప్పటికీ వేలిముద్రే.

గైడు దారిలో మధ్యన 'దళితుల చోటు' అని ఇంకో మజిలీ చేర్చితే సరిపోదు. మొదలే మారాలి. పల్లె నుంచి నడిస్తే అదే గోపురం వేరే ప్రశ్నలు అడుగుతుంది. మన పరిశోధక మిత్రులు శాసనం దగ్గరికి పోయేముందు తమ అమ్మానాన్నలు ఏ దారిన పనికి పోయారో, ఏ దారిన పోకూడదో రాసిపెట్టాలి. ఆ తరం ఉండగానే ఈ పని కావాలి.

ఇంకొకటి దాచకుండా చెప్పాలి. నడక చివర గోపురం కనబడగానే మాయమ్మ రెండు చేతులెత్తి దణ్ణం పెట్టింది. నేను పెట్టలేదు. ఆ దణ్ణం నా వాదానికి అడ్డం. అయినా రాస్తున్నాను. మన చరిత్రను మనమే మనకు అనువుగా కోసి నునుపు చేసుకుంటే, ఆ గైడు చేసిన పనే మనమూ చేసినట్టవుతుంది.