కళను, శాస్త్రమును జతపరచు ఉపన్యాసములు

బోడిగుండుకును, మోకాలికిని ముడిపెట్టుట యని తెలుగున ఒక సామెత కలదు. పొత్తులేని రెండు విషయములను బలవంతముగా కలుపువారిని గూర్చి ఈ మాట వాడుదురు. సంగీతమును శరీరధర్మశాస్త్రముతో, శిల్పమును గణితముతో, నాటకమును భౌతికశాస్త్రముతో జతపరచి చేయు బహిరంగోపన్యాసములు వినునప్పుడు సభలో కొందరికైనను ఈ సామెత జ్ఞప్తికి రాకపోదు. అయినను ఇట్టి ఉపన్యాసములన్నియు ఒక్క తీరువి కావు. కొన్నింటిలో ముడి నిజముగా పడినది. కొన్నింటిలో ముడి ఉన్నట్లు కనిపించును గాని, లాగినంతనే ఊడివచ్చును. ఈ తారతమ్యము తెలిసికొనుట విద్యార్థులకును, పాఠశాలలలో ఇట్టి ప్రసంగములు ఏర్పాటుచేయు ఉపాధ్యాయులకును అవసరము. పోలికనే కారణమని భ్రమపడు అలవాటు చిన్ననాడు అంటుకొన్నచో పెద్దయిన తరువాత సులభముగా వదలదు.

ముడి నిజముగా పడిన ఉపన్యాసమునకు హెల్మ్‌హోల్ట్జ్ 1857లో జర్మనీలోని బాన్ నగరమున చేసిన ప్రసంగము చక్కని ఉదాహరణము. ఆనాడాయన అచటి విశ్వవిద్యాలయమున శరీరనిర్మాణ, శరీరధర్మ శాస్త్రములకు ఆచార్యుడు. ఆ నగరము సంగీతవిద్వాంసుడైన బీథోవెన్ జన్మస్థలము. అందుచేత సంగీతమునే విషయముగా ఎన్నుకొని, స్వరముల పొందికకు శరీరధర్మములలో గల కారణములను ఆయన వివరించెను.

ప్రశ్న చాల పాతది. తంత్రి పొడవులు చిన్న పూర్ణాంకముల నిష్పత్తిలో ఉన్నప్పుడు స్వరములు చెవికి ఇంపుగా కలియునని పైథాగరస్ సంప్రదాయమువారు ఏనాడో గ్రహించిరి. షడ్జమునకు పై షడ్జము 2:1, పంచమము 3:2, మధ్యమము 4:3. అయితే చెవికి అంకెలతో ఏమి పని? రెండువేల సంవత్సరములకు పైగా దీనికి సరియైన సమాధానము దొరకలేదు. అంకెలలో ఏదియో మహిమ కలదని చెప్పి ఊరకుండినవారే ఎక్కువ.

హెల్మ్‌హోల్ట్జ్ మహిమను పక్కకు నెట్టి యంత్రాంగమును చూపెను. తంత్రిని మీటినప్పుడు ఒక్క స్వరమే పలుకదు. దానితోపాటు రెండింతలు, మూడింతలు, నాలుగింతలు పౌనఃపున్యము గల అతిస్వరములును పలుకును. సెకనుకు 200 కంపనములు గల స్వరమున 400, 600, 800 అతిస్వరములు ఉండును. 300 కంపనముల స్వరమున 600, 900 ఉండును. ఈ రెండింటి నిష్పత్తి 3:2; రెండింటిలోని 600 ఏకమగుచున్నది. రెండవ తంత్రిని కొంచెము బిగించి 305 చేసినచో దాని అతిస్వరము 610 అగును. అప్పుడు 600, 610 ఒకదానితో నొకటి పెనుగులాడి సెకనుకు 10 విస్పందనములను కలిగించును. ధ్వని గరగరలాడును. ఈ గరుకుదనమే అపశ్రుతికి మూలమని ఆయన వాదము. లోపలి చెవిలోని సూక్ష్మావయవములు పియానో తంత్రులవలె ఒక్కొక్కటి ఒక్కొక్క కంపనమునకు అనునాదము నొందునని కూడ ఆయన ఊహించెను.

ఇచట సంగీతము అలంకారముగా రాలేదు. సంగీతమును తీసివేసినచో ప్రశ్నయే లేదు. శరీరధర్మశాస్త్రమును తీసివేసినచో సమాధానము లేదు. అందుచేతనే ఈ వాదమును పరీక్షించుటకును, సరిదిద్దుటకును తరువాతివారికి వీలుకలిగినది. చెవిలోపల తంత్రుల వంటివి వేర్వేరుగా మోగుట గాక, ఒక పొరమీదుగా అల ప్రయాణించునని బెకెషి ప్రయోగములు చూపినవి. అందుకు ఆయనకు 1961లో నోబెల్ బహుమతి లభించినది. 2016లో ప్రకటితమైన ఒక పరిశోధనలో బొలీవియా అడవులలోని త్సిమానే జనులకు రెండురకముల స్వరమేళనములు వినిపించిరి. పాశ్చాత్యులు ఇంపనునవియు, అపశ్రుతి యనునవియు వారికి సమానముగనే నచ్చినవి. గరుకుధ్వని మాత్రము వారికిని నచ్చలేదు. అనగా గరుకుదనము చెవికి సంబంధించినది. ఏ పొందిక ఇంపైనదను తీర్పులో అలవాటునకు, సంస్కృతికి కూడ భాగము కలదు. హెల్మ్‌హోల్ట్జ్ సయితము 1863లో ప్రకటించిన గ్రంథమున, స్వరగ్రామముల ఏర్పాటు కేవలము ప్రకృతినియమముపై గాక కళాభిరుచిపై కూడ ఆధారపడి యున్నదని అంగీకరించెను. తన ముడి ఎంతవరకు నిలుచునో ఆయనకు తెలియును.

దీనికి ఎదురుగా 'స్వర్ణనిష్పత్తి'ని గూర్చి తరచుగా వినవచ్చు ప్రసంగములను నిలిపి చూడవచ్చును. ఏథెన్సులోని పార్థెనాన్ ఆలయము 1.618 అను నిష్పత్తిపై కట్టబడినదని చెప్పి, తెరపై ఆలయచిత్రము చుట్టు ఒక దీర్ఘచతురస్రము గీసి చూపుదురు. చూచువారు ఆశ్చర్యపడుదురు. కాని గీత ఎచట మొదలిడవలెను? మెట్లను కలుపవలెనా, వదలవలెనా? ఈ ఇష్టానుసారపు కొలతలలోని లోపమును గణితజ్ఞుడు జార్జి మార్కోవ్‌స్కీ 1992లో విశదముగా చూపెను. ఆలయపు పైమెట్టు వెడల్పు సుమారు 30.9 మీటర్లు, పొడవు సుమారు 69.5 మీటర్లు. ఈ రెండింటి నిష్పత్తి 9:4, అనగా 2.25, ఇది 1.618 కాదు. కావలసిన అంకె వచ్చువరకు గీతను జరుపుట కొలత అనిపించుకొనదు.

మూడవ తరగతి ఉపన్యాసములు ఈ రెండింటికి నడుమ నిలుచును. 1975 ఏప్రిల్ 22న షికాగో విశ్వవిద్యాలయమున సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ షేక్‌స్పియర్, న్యూటన్, బీథోవెన్‌ల సృజనశక్తిని గూర్చి ప్రసంగించిరి. వయస్సు పెరిగినకొలది కళాకారుల కృషి పరిపక్వమై శిఖరము నందుకొనుచుండగా, శాస్త్రజ్ఞుల కృషి ఏల అట్లు పెరుగదు? ఇది ఆయన ప్రశ్న. ప్రశ్న గంభీరమైనది, అడిగినవారు సామాన్యులు కారు. అయినను ప్రమాణములు ప్రశ్న బరువునకు చాలవు. షేక్‌స్పియర్ 52 ఏండ్లకు, బీథోవెన్ 56 ఏండ్లకు మరణించిరి. న్యూటన్ 84 ఏండ్లు జీవించెను. 70వ యేట మొదటి ఇద్దరు ఏమి వ్రాసెడివారో చెప్పగలవారెవరు? న్యూటన్ 1696లో నాణెముల ముద్రణశాల ఉద్యోగమునకు వెడలెను. మరుసటి సంవత్సరమున, 54 ఏండ్ల వయస్సులో, జోహాన్ బెర్నూలీ యూరపు గణితజ్ఞులకు విసరిన కఠినసమస్యను పరిష్కరించెను. బుద్ధి మొద్దుబారినదా, వ్యాపకము మారినదా అను సందేహము తీరదు. చంద్రశేఖర్ జీవితమే ఈ అభిప్రాయమునకు సగము సమాధానము: కృష్ణబిలముల గణితసిద్ధాంతమును గూర్చిన ఆయన మహాగ్రంథము 1983లో, 72వ యేట వెలువడినది.

అట్లని ఈ ప్రసంగము వ్యర్థమనరాదు. ఇది నిరూపణము కాదు; ఆలోచనకు ఆహ్వానము. ఆ భేదమును చెప్పి వినిపించినచో విద్యార్థికి ఎంతో మేలు.

తెలుగువారికి దగ్గరి ఉదాహరణము మృదంగము. విశాఖపట్టణమున బాల్యము గడపి, అచటనే చదువుకొన్న సి. వి. రామన్, 1920లో ఒక సహపరిశోధకునితో కలిసి, మన తాళవాద్యముల రహస్యమును ప్రకటించిరి. సామాన్యపు డోలు తోలునందు అతిస్వరములు 1.59, 2.14 వంటి నిష్పత్తులలో ఉండి పొందిక లేక చెదరిపోవును. మృదంగపు కుడిముఖముపై నడుమ అంటించిన నల్లని పూత, ఆ కంపనములను దాదాపు పూర్ణాంక నిష్పత్తులలోనికి తెచ్చును. అందుచేతనే మృదంగమునకు శ్రుతి చేయగలుగుచున్నారు. పూత తీసివేసి వాయించినచో తేడా చెవికే తెలియును. వాద్యము చేసిన వారి అనుభవమును శాస్త్రము కొలిచి చూపినది; ఎవరి గౌరవమునకును లోటు రాలేదు.

కావున ఇట్టి ఉపన్యాసము ముగిసిన మరునాడు తరగతిలో ఉపాధ్యాయుడు రెండు ప్రశ్నలు వేయవచ్చును. రెండు విషయములలో ఒకదానిని తీసివేసినచో రెండవదానికి ఏమి లోపించును? చెప్పిన సంబంధము తప్పైనచో ఆ తప్పు ఏ ప్రయోగము వలన బయటపడును? ఒక హార్మోనియమో, ఒక మృదంగమో, ఒక కొలబద్దయో దగ్గరనుంచుకొని విద్యార్థులు ఈ ప్రశ్నలకు సమాధానము వెదకినచో, ఉపన్యాసకుని మాటలలో ఏది నిలుచునో, ఏది నిలువదో వారే తేల్చుకొనగలరు.