వడపళని ఉద్యోగం

ఇష్టమైన రచయిత ఎవరంటే చెప్పడం తేలిక. ఒక్క పేరు చెప్పలేకపోతే నాలుగు చెప్తాం. ఏ రచయిత బతికిన రాతబతుకు నీకు కావాలి అనడిగితే మాత్రం జవాబు చప్పున రాదు. అక్కడ పుస్తకాలొక్కటే తీసుకుంటానంటే కుదరదు. వాటితోపాటు ఆ మనిషి చేసిన ఉద్యోగం, కట్టిన ఇంటద్దె, పత్రికల గడువులు, రాయలేకపోయిన ఏళ్ళు, వయసు మీదపడ్డాక పట్టుకున్న పని, అన్నీ తీసుకోవాలి. 'మహాప్రస్థానం' నేనే రాసి ఉంటే ఎంత బాగుండునని అనుకోని తెలుగువాడు అరుదు. శ్రీశ్రీ లాగా బతకమంటే ఎంతమంది ముందుకొస్తారు?

ఆ కవితల్లో ఎక్కువ భాగం ఆయన 1930లలోనే రాసేశారు. పుస్తకంగా 1950లో వచ్చింది. ఆ తర్వాత 1983లో పోయేదాకా సినిమా పాటలు, డబ్బింగులు, సభలు, ఉద్యమాలు. ఏం రాసినా జనం ఆ ఒక్క పుస్తకం పక్కన పెట్టే కొలిచారు. యవ్వనంలోనే అంతటి విజయం దక్కి, మిగిలిన జీవితమంతా దానికి జవాబు చెప్పుకుంటూ గడపడం నాకు భయం పుట్టిస్తుంది. చలం వాక్యం కావాలని కలం పట్టిన ప్రతివాడూ ఒక వయసులో కోరుకుంటాడు. ఆ వాక్యానికి ఆయన కట్టిన వెల మామూలుది కాదు. ఆయనొక్కరే కాదు, ఇంటిల్లిపాదీ కట్టారు.

రావిశాస్త్రి మీద చాలాకాలం ఆశపడ్డాను. విశాఖపట్నంలో వకీలు. నల్లకోటు వేసుకుని కోర్టుకి వెళ్తే 'ఆరు సారా కథలు' మనుషులు కక్షిదారులై, సాక్షులై ఎదురుగా వచ్చి నిలబడతారు. తిండి పెట్టే వృత్తే కథకి సరుకు అందించడం ఎంత అదృష్టం! కారా మాస్టారిదైతే దాదాపుగా నా ఎంపికే. లెక్కలు చెప్పుకుంటూ, కొద్దిగా రాసి, మధ్యలో ఏళ్ళ తరబడి ఆపేసి, ఆపైన 'యజ్ఞం' రాశారు. చివరికి తన కథల సంగతి పక్కనబెట్టి 1997లో శ్రీకాకుళంలో కథానిలయం పెట్టి, ఊరూరా తిరిగి ఇతరుల కథలన్నీ పోగుచేశారు. 2021లో, తొంభయ్యారేళ్ళ వయసులో వెళ్ళిపోయేదాకా అదే ధ్యాస. అంతకన్నా ఉదాత్తమైన రచనాజీవితం తెలుగులో మరొకటి చూపించలేను. అయినా అది నాది కాదు. రాయడం ఆపగలగడానికి ఒక నిబ్బరం కావాలి. వారం వారం రాస్తే తప్ప నేనేం ఆలోచిస్తున్నానో నాకే తెలియదు. నాకు ఆపని మనిషి కావాలి.

అందుకే నా ఓటు కొడవటిగంటి కుటుంబరావుకి. ఇంకా సూటిగా చెప్పాలంటే ఆయన వడపళని ఉద్యోగానికి.

1909లో తెనాలిలో పుట్టారు. చిన్నతనంలోనే తల్లిదండ్రులు పోయారు. కాశీ విశ్వవిద్యాలయంలో ఫిజిక్సు ఎమ్మెస్సీలో చేరి, మాంద్యం రోజుల్లో డబ్బు లేక మధ్యలో వదిలేశారు. సిమ్లాలో గుమాస్తాగా, వరంగల్లులో బడిపంతులుగా, ఇంకా ఏవేవో కొలువులు చేసి పత్రికల్లోకి వచ్చారు. 1952లో పిల్లల మాసపత్రిక 'చందమామ'లో చేరారు. 1980 ఆగస్టు 17న కన్నుమూసేదాకా, ఇరవై ఎనిమిదేళ్ళు, అదే ఉద్యోగం. మద్రాసు వడపళనిలో సినిమా స్టూడియోల సందడి మధ్య ఉన్న ఆఫీసు. సంపాదకుడి పని ఆయనదే అయినా సంపాదకుడిగా పుస్తకంలో ఆయన పేరు వేసేవారు కాదు.

ఈ చివరి మాట దగ్గర చాలామంది అయ్యో అంటారు. అంతటి రచయిత, నాలుగు వందలకు పైగా కథలు రాసినవాడు, పేరైనా లేకుండా పిల్లల పత్రికకి చాకిరీ చేశాడే అని. నాకు ఆ జాలి ఎప్పుడూ కలగలేదు. అక్కడ ఏం పని జరిగేదో దగ్గరగా చూస్తే జాలికి చోటుండదు.

చందమామ బేతాళ కథ ఒకటి తీసుకోండి. మొదలూ చివరా ప్రతినెలా ఒక్కటే. చెట్టు, శవం, రాజు భుజం, శ్మశానం దారి; ఆఖర్న మౌనం చెదరడం, శవం మళ్ళీ చెట్టెక్కడం. శంకర్ వేసిన ఆ బొమ్మ, కత్తి దూసి శవాన్ని మోసుకుపోయే విక్రమార్కుడి బొమ్మ, ఇప్పటికీ ఎందరి కళ్ళలోనో ఉంది. రచయితకి మిగిలేది నడుమ నాలుగైదు పేజీలు. వాటిలో ఒక కథ నడవాలి. కథ చివర ఒక సందేహం మిగలాలి. ఆ సందేహానికి చూడగానే తట్టే జవాబు ఒకటుండాలి, రాజు చెప్పే జవాబు అది కాకూడదు. రాజు జవాబుకి కావలసిన ఆధారాలన్నీ ముందే కథలో, పదేళ్ళ పిల్లవాడి కళ్ళెదుటే ఉండాలి. ఒక్క ఆధారం దాచినా పిల్లవాడు మోసం అంటాడు. ఒక్కటి ఎత్తిచూపినా రాజుకంటే ముందు తనే జవాబు చెప్పేసి పేజీ తిప్పేస్తాడు. సంస్కృతం నుంచి వచ్చిన బేతాళ కథలు పాతికే. అవి అయిపోయాక కొత్తవి అల్లుతూ పోయారు. బయటివాళ్ళు పంపిన మామూలు కథల్ని కూడా ఈ చట్రంలోకి ఎక్కించేవారు. నెలకొకటి, తప్పకుండా.

కథానిర్మాణం గురించి ఇంతకంటే కఠినమైన బడి నాకు తెలియదు. ఆ బడి నడుస్తూ ఉండగా ఎక్కడా చెమట కనపడదు. పాత చందమామ ఏదైనా తెరిచి ఒక పేజీ నెమ్మదిగా చదివితే తెలుస్తుంది: వాక్యంలో ఎవరు, ఏం చేశారు, ఆ తర్వాత ఏమైంది. వర్ణన కావలసినంతే. రాజు కోపిష్ఠివాడని చెప్పరు, ఏం చేశాడో చెప్తారు. సంధులూ సమాసాలూ తగ్గించి, అన్ని జిల్లాలవాళ్ళకీ అందే వాడుకభాష. కోస్తా పిల్లలూ, తెలంగాణ పిల్లలూ, సీమ పిల్లలూ, మద్రాసులో తెలుగు బడి మొహమే చూడని పిల్లలూ ఆ భాషలోనే చదువు మరిగారు. దాని వెనుక పత్రిక యజమానుల్లో ఒకరైన చక్రపాణి పట్టుదల ఉంది. శరత్ నవలల్ని తెలుగు నవలలే అన్నంత హాయిగా అనువదించిన మనిషి ఆయన. ఆయనదీ తెనాలే.

వచ్చిన కథల్ని కుటుంబరావు తిరగరాసేవారు. కథ కింద పంపినవాళ్ళ పేరే ఉండేది. ఏ ఊరి నుంచో ఒక కుర్రాడు పంపిన కథ, చేతిరాత తప్ప ఏమీ సరిగా లేనిది, అచ్చులో నడక నేర్చుకుని కనిపించేది. తన కథని ముందూ వెనకా పక్కపక్కన పెట్టి చూసుకున్న కుర్రాడికి అంతకంటే మంచి గురువు దొరకడు. హోమర్ కావ్యాల్ని 'భువనసుందరి'గా, 'రూపధరుడి యాత్రలు'గా పిల్లలకి అందించిన చెయ్యి కూడా ఇదే. పక్కబల్ల దగ్గర దాసరి సుబ్రహ్మణ్యం 'తోకచుక్క' మొదలుకుని జానపద సీరియళ్ళు అల్లుతున్నారు. అంతమంది పనిమంతులు ఒక్కచోట నెల నెలా ఒక పుస్తకం తయారుచేస్తుంటే ఆ గదిలో ఒక మూల కుర్చీ దొరికినా చాలుననిపిస్తుంది నాకు.

ఇది బతుకులో సగం. రెండో సగం ఆయన పేరుతోనే ఉంది. అదే ఏళ్ళలో, అదే మనిషి, మధ్యతరగతి ఇళ్ళలో డబ్బూ పెళ్ళీ ఉద్యోగమూ మనుషుల్ని ఎలా వంచుతాయో కథ వెనక కథ రాశారు. సినిమా మీద రాశారు, సంగీతం మీద, సైన్సు మీద, చరిత్ర మీద, తోటి రచయితల మీద రాశారు. దెయ్యాల్ని నమ్మని భౌతికవాది, పగలంతా దెయ్యం కథ దిద్ది, పెద్దల కోసం మూఢనమ్మకాల మీద వ్యాసం రాశారు. రెండు పనుల్లోనూ అబద్ధం లేదు. అద్భుతం పిల్లవాడి ఊహకి ఆహారం, హేతువు పెద్దవాడి బుద్ధికి ఆహారం. ఒకే చేత్తో రెండూ వడ్డించారు. 1970లో విప్లవ రచయితల సంఘం (విరసం) పుట్టినప్పుడు, అరవయ్యేళ్ళు నిండిన వయసులో, అందులో చేరారు. ఆ వయసుకి చాలామంది సన్మానాలకి శాలువాలు కప్పించుకుంటుంటారు.

కూలికి రాసే కలం సొంతానికి రాయలేదని రచయితలందరూ నమ్మే మాట ఒకటుంది. సినిమాకి రాసినవాళ్ళూ, పత్రికల డెస్కుల్లో రాత్రి డ్యూటీలు చేసినవాళ్ళూ, ఇప్పుడు టీవీ ఛానళ్ళకీ ప్రకటనల కంపెనీలకీ రాస్తున్నవాళ్ళూ ఇదే చెప్తారు. పగలు ఎనిమిది గంటలు వాక్యాలు దిద్దాక రాత్రి ఇంకో వాక్యం రాయబుద్ధి కాదంటారు. ఆ అలసట నిజమే, డెస్కు మీద పనిచేసిన ఎవరికైనా తెలుసు. కానీ కుటుంబరావు విషయంలో ఆ లెక్క తప్పింది. ఎందుకు తప్పిందో చాలా ఆలోచించాను. చందమామ ఆయనకి వచనం నేర్పిందని చెప్పను. అందులో చేరేనాటికే ఆయన చెయ్యి తిరిగిన కథకుడు. 'చదువు' నవలలో సుందరం పలక పట్టిన రోజు నుంచి కాలేజీ చదువుల దాకా పెరుగుతుంటే, మొదటి ప్రపంచయుద్ధం, జాతీయోద్యమం, మాంద్యం ఒకదాని వెనక ఒకటి ఆ ఇంటి గడపలోకి వచ్చిపోతాయి. రచయిత ఎక్కడా గొంతు పెంచడు. చందమామ పేజీలో ఉన్న నిదానం అక్కడా ఉంది. అంటే ఉద్యోగం ఆయన్ని మార్చలేదు, ఆయన తన స్వభావానికి సరిపోయిన ఉద్యోగంలో కుదురుకున్నారు. ఆఫీసులో ఒక రకం భాష, ఇంట్లో మరో రకం భాష రాయవలసిన అగత్యం పడలేదు. ఆఫీసులో అబద్ధం రాయవలసి రాలేదు. కలాన్ని చంపేది రాసిన రాశి కాదని, నమ్మనిది రాయడమేనని నాకు ఆయన్ని చూశాకే అర్థమైంది.

ఆయన రాసిందంతా గొప్పదని అనడంలేదు. కొన్ని కథలు మరీ పొడిగా ఉంటాయి. వాదన ముందు పుట్టి, మనుషులు దానికోసం తర్వాత వచ్చినట్టుంటాయి. కొన్ని వ్యాసాలు ఆ వారం అవసరానికి రాసినవి, ఆ వారంతోనే తీరిపోయినవి. ఇది కూడా కావాలనే అంటాను. పది వేల పేజీలు దాటిన రచనలో ప్రతి పేజీ వెలగదు. వెలగని పేజీ దగ్గర ఆయన కూర్చుండిపోలేదు. బల్ల మీద తర్వాతి కాగితం పెట్టుకున్నారు. కళాఖండం వచ్చేదాకా ఆగుదామనుకునే నా తోటి మిత్రులు కొందరు పాతికేళ్ళుగా ఆగే ఉన్నారు. వాళ్ళలో నాకంటే ప్రతిభావంతులున్నారు. వాళ్ళు రాయని కథలు తలుచుకుంటే నాకు నిజంగా దిగులేస్తుంది.

అయితే ఈ బతుకు కోరుకున్నంత మాత్రాన దొరకదు. శ్రీశ్రీ కావాలంటే ప్రతిభ కావాలి, చలం కావాలంటే తెగువ కావాలి. అవి మన దగ్గరే ఉండాలి, లేకపోతే లేదు. కుటుంబరావు కావాలంటే వాటితోపాటు ఇంకొకరు కావాలి. పిల్లల పత్రికకి ఇంత చెయ్యి తిరిగిన మనిషి కావాలని అనుకుని, నెలజీతం ఇచ్చి, ఆయన బయట మార్క్సిజం రాసుకుంటున్నా ఆ కుర్చీని ఇరవై ఎనిమిదేళ్ళు ఆయనకే ఉంచిన యాజమాన్యం కావాలి. అదీ సినిమాలు తీసి డబ్బు గడించిన నాగిరెడ్డి, చక్రపాణిల యాజమాన్యం. ఆ డబ్బులో కొంత 1947 నుంచి పిల్లల పుస్తకంలోకి ప్రవహించింది. రచయిత జీవితచరిత్రల్లో ఈ భాగానికి ఎప్పుడూ ఒక పేరా మించి దక్కదు.

చందమామ అచ్చు ఆగిపోయి పదేళ్ళు దాటింది. తెలుగులో రాసేవాళ్ళకి ఇప్పుడూ లోటు లేదు. హైదరాబాదులో, విజయవాడలో, బెంగుళూరులో, డాలస్‌లో రాత్రిళ్ళు కూర్చుని రాస్తున్నారు, సొంత డబ్బుతో పుస్తకాలు వేసుకుంటున్నారు. లేనిదల్లా ఆ కుర్చీ. సినిమాలకి వందల కోట్లు పెట్టగల తెలుగువాళ్ళున్నారు, తమ మనవలకి తెలుగు చదవడం రావట్లేదని బాధపడేవాళ్ళూ వాళ్ళలో ఉన్నారు. వాళ్ళని అడగాలి. ఒక పిల్లల మాసపత్రిక, అందులో నలుగురికి బతకడానికి చాలిన జీతాలు, కనీసం పదేళ్ళు మూతపడదన్న మాట. ఎవరైనా పూనుకుంటే, వచ్చిన కథల్ని తిరగరాసే పనికి నన్ను పిలవమని ఈ కాలమ్ ద్వారానే అడుగుతున్నాను.