పర్మనెంట్ అడ్రస్: ముషీరాబాద్

ఇల్లు విడిచి పోయేవాడికి మన భాషలో చాలా పేర్లున్నాయి. పాలమూరు నుంచి పోతే వలసకూలీ. కరీంనగర్ నుంచి గల్ఫ్‌కు పోతే దుబాయోడు. అమెరికా పోతే ఎన్నారై. సరిహద్దు దాటి వచ్చినవాడు హిందువైతే కాందిశీకుడు, ముస్లిమైతే చొరబాటుదారు. ఇప్పుడు కొత్తగా ఇంకో పేరొచ్చింది: డిజిటల్ నొమాడ్. అంటే లాప్‌టాప్ చేతబట్టిన సంచారి. ఒక దేశపు కంపెనీకి పనిచేస్తూ ఇంకో దేశంలో కాపురం పెట్టగలిగినవాడు. 2020లో కరోనా వచ్చాక ఇలాంటివాళ్ల కోసం దేశాలు పోటీలుపడి దీర్ఘకాలిక వీసాలు తెరిచాయి. దరఖాస్తు కూడా ఇంట్లో కూర్చునే పంపుకోవచ్చు.

సంచారం మాకు కొత్త కాదు. ఈ దేశంలో ఊరూరూ తిరిగి బతికే కులాలను 1871లో బ్రిటిష్ సర్కారు చట్టం చేసి పుట్టుకతోనే నేరస్తులన్నది. ఆ చట్టాన్ని 1952లో గానీ తీసెయ్యలేదు. అదే తిరుగుడు ఇప్పుడు గౌరవమైంది. ఎందుకైంది? తిరిగేవాడి జేబులో డాలర్లుండటం వల్ల. ఈ తేడాను వీసా ఫారంలోని గళ్లు దాచుకోకుండా చెబుతాయి. కథనో కవితనో చదివినట్టే ఫారాన్నీ చదవాలని మేము అనుకుంటున్నాం. ఎవరు రాశారు, ఎవరిని ఊహించుకుని రాశారు, ఎవరికి గడి లేకుండా చేశారు అని అడగాలి.

మా ముషీరాబాద్ గల్లీలో ఒక అబ్బాయి ఉన్నాడు. ఉస్మానియా క్యాంపస్‌లో ఇంజనీరింగ్ చదివాడు. 2007 నాటి చట్టంతో వచ్చిన 4 శాతం రిజర్వేషన్ లేకపోతే ఆ సీటు వచ్చేది కాదని వాడే అంటాడు. జర్మనీలో ఒక చిన్న కంపెనీకి ఇక్కడినుంచే పని చేస్తాడు. రెండు గదుల ఇంట్లో ఏడుగురు. రాత్రి మీటింగు ఉంటే అమ్మీ వంటింట్లో స్టూలు వేసి తలుపు దగ్గరికేస్తుంది. క్యాంపస్‌కు దగ్గరగా తార్నాకలో ఒక గది తీసుకుందామని మూడు నెలలు తిరిగాడు. టులెట్ బోర్డు చూసి లోపలికి పోయేవాడు. అద్దె కుదిరేది, అడ్వాన్సు కుదిరేది. చివర్న పేరడిగేవారు. పేరు చెప్పగానే గది అప్పటికే ఎవరికో ఇచ్చేసినట్టు గుర్తొచ్చేది. వారం తర్వాత చూస్తే బోర్డు అక్కడే వేలాడేది. అప్పుడు వాడు దుబాయి వీసాకు దరఖాస్తు పెట్టుకుందామనుకున్నాడు. ముషీరాబాద్ నుంచి తార్నాకకు ఐదారు కిలోమీటర్లు. అది దాటలేక సముద్రం దాటాలనుకున్నాడు.

మేము పక్కన కూర్చున్నాం. మొదటి గడిలోనే ఆగిపోయాడు.

"సర్‌నేమ్ క్యా లిఖూ మామూ?"

మాకు ఇంటిపేర్లు ఉన్నవాళ్లు ఉన్నారు, లేనివాళ్లు ఉన్నారు. కొందరికి ముందున్న షేక్, సయ్యద్, మొహమ్మద్‌లే ఇంటిపేర్లుగా రికార్డుల్లో కెక్కాయి. బడిలో సారు చోటు చాలదని 'ఎండి' అని రెండక్షరాలు రాసుకున్నాడు. పదో తరగతి మెమోలో అదే. పాస్‌పోర్టులో మొహమ్మద్. ఆధార్‌లో మహమ్మద్. జీతం కాగితంలో మళ్లీ ఎండి. మనిషొక్కడే, కాగితానికొక మనిషి. కంపెనీ దగ్గర్నుంచి 'ఈ రెండు పేర్లూ ఒక్కరివే' అని ఉత్తరం తెప్పించుకోవడానికి రెండు వారాలు పట్టింది. 2022 నవంబరు 21 నుంచి పాస్‌పోర్టులో ఒకటే పేరున్నవాళ్లను విజిట్ వీసా మీద రానివ్వబోమని యుఏఈ ప్రకటించింది. పాస్‌పోర్టు రెండో పేజీలో తండ్రి పేరో కుటుంబం పేరో ఉంటే చాలని తర్వాత వివరణ ఇచ్చింది. ముస్లిం దేశం కదా, మా పేర్లు వాళ్లకైనా అర్థమవుతాయి అనుకునేవాళ్లు ఇది గమనించాలి. పేరుకు రెండు ముక్కలుండాలన్న ఊహ మతానికి సంబంధించింది కాదు, కంప్యూటరుకు సంబంధించింది. ఆ కంప్యూటరు వెనక పాస్‌పోర్టును కనిపెట్టిన యూరప్ ఉంది.

రెండో గడి జీతం. 2020 అక్టోబరులో దుబాయి ఈ పథకం మొదలుపెట్టినప్పుడు నెలకు 5,000 డాలర్ల సంపాదన చూపించమన్నది. తర్వాత 3,500కు తగ్గించింది. మన లెక్కలో సుమారు మూడు లక్షల రూపాయలు. ఏడాది వీసా, ఆరోగ్య బీమా తప్పనిసరి, ఉద్యోగమిచ్చే కంపెనీ ఆ దేశం బయట ఉండాలి. అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇంకొకటుంది. ఈ వీసాకు స్థానికుడి పూచీ అక్కర్లేదు. తనకు తానే పూచీ.

ఆ మాట దగ్గర అబ్బాయి వాళ్ల అబ్బా నవ్వాడు. ఆయనా దుబాయి పోయినవాడే. పదో తరగతి పాసు కాలేదు గనక ఆయన పాస్‌పోర్టు ఈసీఆర్. 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద గల్ఫ్‌తో సహా 18 దేశాలకు కూలికి పోవాలంటే అలాంటివాళ్లు సర్కారు అనుమతి తెచ్చుకోవాలి. అనుమతి తెచ్చుకుని దిగితే అక్కడ కఫీల్. వీసా అతని చేతిలో. చాలామందికి పాస్‌పోర్టు కూడా అతని దగ్గరే. పని మారాలన్నా, ఇంటికి రావాలన్నా అతన్నే అడగాలి. పద్దెనిమిదేళ్లు సెంట్రింగు పని చేసి ముషీరాబాద్‌లో ఆ రెండు గదులు కట్టాడు. "నాకు కఫీల్ ఉండె, నీకు నువ్వే కఫీల్‌వా బేటా?" అన్నాడు. ఒకే ఊరు, ఒకే ఎండ. తండ్రిది వలస, కొడుకుది వర్చువల్ వర్కింగ్. తండ్రి కట్టిన గోడల మధ్య కొడుకు అతిథి. అయితే కొడుకు పూర్తిగా స్వతంత్రుడని మేము నమ్మం. జర్మనీ నుంచి ఒక్క ఈమెయిలు వస్తే 3,500 పోతుంది, దాంతో వీసా పోతుంది. కఫీల్ కనిపించకుండా పోయాడు గానీ లేకుండా పోలేదు.

ఈ ఫారం దాకా రాగలిగినవాళ్లు మాలో ఎంతమంది? ఇరవై ఏళ్లు దాటిన ముస్లింలలో డిగ్రీగానీ డిప్లొమాగానీ ఉన్నవాళ్లు 4 శాతం లోపేనని 2006లో సచార్ కమిటీ లెక్క చెప్పింది. ఆ తర్వాత కొంత మారిందనడానికి ఈ అబ్బాయే సాక్ష్యం. కానీ ఒక మాట మాలో మేము కూడా అనుకోవాలి. ఇంట్లో కూర్చుని ఎక్కడో ఉన్న కంపెనీకి పనిచేయడం ఈ తరం కనిపెట్టలేదు. నిజామాబాద్, కరీంనగర్ పల్లెల్లో బీడీలు చుట్టిన ఆడవాళ్లు, పాతబస్తీలో కార్చోబ్ మగ్గం మీద వంగి జరీ కుట్టిన ఆడపిల్లలు తరాలుగా రిమోట్ వర్కర్లే. కంపెనీ ముఖం చూడకుండానే వాళ్ల కళ్లు, వేళ్లు అరిగిపోయాయి. వాళ్లకు ఏ దేశమూ వీసా ఇవ్వలేదు. ఈ అబ్బాయి చెల్లెలు కూడా కంప్యూటర్ సైన్సే చదివింది. ఇదే జీతం ఆమెకొస్తే ఒంటరిగా దుబాయి పోనిస్తామా? తార్నాక ఇంటాయన ఆమెకూ తలుపు తెరవడు, నిజమే. మా తలుపు సంగతి కూడా చెప్పుకోకపోతే ఈ విమర్శ సగమే అవుతుంది.

యూరప్ ఫారాలు చూస్తే ఇంకో గడి కనిపిస్తుంది. రిమోట్ వర్కర్ల కోసం స్పెయిన్ 2022లో చట్టం చేసింది. ఆ వీసాకు నేరచరిత్ర లేదని పోలీసు సర్టిఫికెట్ కావాలి. అందరికీ ఒకటే నియమం కదా అంటారు. కాగితం ఒకటే, దాన్ని తెచ్చుకోవడానికి పోలీస్‌స్టేషన్ మెట్లెక్కే కాళ్లు ఒకటి కావు. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. చచ్చిందీ మావాళ్లే, తర్వాత పోలీసులు పట్టుకుపోయిందీ మా పిల్లల్నే. కోర్టులు వాళ్లను నిర్దోషులన్నాయి. ప్రభుత్వం కొందరికి పరిహారం ఇచ్చింది. 2013లో హైకోర్టు ఆ పరిహారం చెల్లదన్నది. నిర్దోషి అని తేలినవాడు కూడా 'ఎప్పుడైనా అరెస్టయ్యారా' అన్న గడి ముందు ఆగాల్సిందే.

అదే స్పెయిన్ 1492లో యూదుల్ని వెళ్లగొట్టింది. 1609 నుంచి మొరిస్కోలను, అంటే బలవంతాన క్రైస్తవం ఇచ్చిన ముస్లింల సంతతిని వెళ్లగొట్టింది. 2015లో ఆ యూదుల వారసులకు పౌరసత్వమిస్తామని చట్టం చేసింది. చెయ్యాల్సిన పనే. మొరిస్కోల వారసులకు మాత్రం అలాంటి చట్టం లేదు. చరిత్ర కూడా ఎవరికి గడి పెట్టాలో ఎంచుకునే రాస్తుంది.

ఇక తెలుగు సాహిత్యం. అమెరికా తెలుగు కథలకు సంకలనాలొచ్చాయి, డయాస్పోరా అన్న పేరొచ్చింది, విమర్శ వచ్చింది. సూట్‌కేసులో ఆవకాయ, విమానాశ్రయంలో కన్నీళ్లు, మంచులో సంక్రాంతి. వాటిని మేము కాదనం. కానీ ఆ కథల్లో ఊరు ఎప్పుడూ వెనకనే ఉంటుంది, భద్రంగా, ఎదురుచూస్తూ. ఆ ఊరు నీదా అని వాళ్లనెవరూ అడగలేదు. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' దగ్గర్నుంచి 1998లో 'జల్‌జలా', 2004లో 'వతన్' దాకా మావాళ్లు తెలుగులో రాస్తూ వచ్చింది ఆ ప్రశ్న గురించే. పోవడం గురించి రాయాలంటే ముందు ఉండటం గురించి రాయాల్సిన గతి మాది.

ఇప్పుడు రెండు ఫారాలు పక్కపక్కన పెట్టి చూడండి. అమెరికా వలస చట్టంలో 214(బి) అని ఒక సెక్షన్ ఉంది. తార్నాకలో ఏ విద్యార్థినడిగినా చెబుతాడు. తిరిగి వెళ్తానని రుజువు చేసుకునేదాకా, ఉండిపోవడానికే వచ్చాడని అనుకోవాలంటుంది. కనుక తల్లిదండ్రులు, ఇల్లు, ఆస్తి అన్నీ చూపించి నాకు ఇక్కడ వేళ్లున్నాయి, తప్పక తిరిగొస్తాను అని నమ్మించాలి. 2019 డిసెంబరులో పౌరసత్వ సవరణ చట్టం వచ్చినప్పుడు మా గల్లీలో ఇంటింటా ట్రంకు పెట్టెలు తెరిచారు. తాత పుట్టిన కాగితం, ఇంటి పట్టా, ఉర్దూలో ఉన్న నికానామా. అప్పుడు నాకు ఇక్కడ వేళ్లున్నాయని స్వదేశానికి చూపించాలి. ఇప్పుడు అవే వేళ్లు పరదేశానికి చూపించాలి. వాడు తిరిగి వెళ్లవేమో అంటాడు. వీడు పాకిస్తాన్ వెళ్లిపో అంటాడు. ఇద్దరికీ చూపించేది అదే పెట్టె.

ఆ పెట్టెలో అబ్బాయి ముత్తాత డిగ్రీ ఉంది. ఉస్మానియాది, ఉర్దూలో. 1918లో మొదలైన ఆ విశ్వవిద్యాలయంలో ఉర్దూ మీడియంలోనే పై చదువులు చెప్పారు. అందుకోసం 1917లోనే దారుల్ తర్జుమా పెట్టి పాఠ్యగ్రంథాలు అనువదించారు. 1948 తర్వాత ఆ భాష తరగతి గదిలోంచి పోయింది. అప్పుడు పాకిస్తాన్ పోయినవాళ్లు పోయారు. ఆయన పోలేదు. పోవడానికి దారి ఉండీ ఉండిపోయాడు. ఉండిపోవడం కూడా ఒక నిర్ణయమే. దానికి ఏ ఫారంలోనూ గడి లేదు.

దరఖాస్తు పంపే ముందు అబ్బాయి చివరి పేజీ మళ్లీ చూసుకున్నాడు. ఎందుకు వెళ్తున్నారన్న చోట 'పని' అని రాశాడు. తార్నాక గది సంగతి రాయడానికి చోటు లేదు. పర్మనెంట్ అడ్రస్ దగ్గర కొంచెంసేపు ఆగి ముషీరాబాద్ అని టైపు చేశాడు.

వీసా వస్తే పోతాడు. పోవడం వాడి హక్కు. ఏడాదికో రెండేళ్లకో తిరిగొస్తాడు. రావడమూ వాడి హక్కే. ఆ రెంటి మధ్యా మేము అడిగేది ఒకటే. వాడు తిరిగొచ్చాక తార్నాకలో టులెట్ బోర్డు కింద నిలబడి పేరు చెబితే, ఆ గది ఇంకా ఖాళీగానే ఉండాలి.