సంచిలోంచి వచ్చే బిళ్ల

నెపోలియన్ కాలపు చిన్న దళాల పోరును బల్లమీద బొమ్మ సైనికులతో ఆడేవారు నియమావళిని ఎంచుకునేటప్పుడు తుపాకుల పట్టికల కన్నా ముందు నాయకుడి పాత్ర చూడాలి. రిచర్డ్ క్లార్క్ రాసిన ‘షార్ప్ ప్రాక్టీస్’ నియమావళి పనితనమంతా అక్కడే ఉంది. నాయకులందరి బిళ్లలూ ఒకే సంచిలో ఉంటాయి. ఎవరి బిళ్ల చేతికొస్తే వారి దళానికి ఆదేశం అందుతుంది. కాల్పులకు గురైన దళంలో మనుషులు పడిపోవడమే కాదు, ‘షాక్’ కూడా పేరుకుంటుంది. దాంతో అడుగు నెమ్మదిస్తుంది, కాల్పులు పలచబడతాయి. నాయకుడు కూడదీస్తే అది తగ్గుతుంది. ఎంత చక్కటి అల్లిక!

ఇదంతా అదృష్టమే, వ్యూహానికి చోటేదని కొందరంటారు. కానీ నిజం పోరూ అలాంటిదే: ఆనాటి మస్కెట్ గురి వంద గజాలు దాటితే నమ్మలేం. కాసిని కాల్పులకే పొగ కమ్మేసేది. ఆ గోలలో అధికారి కేక అందరికీ వినపడేది కాదు. ఆ అనిశ్చితిని ముందే లెక్కగట్టి మనుషుల్ని నిలబెట్టడమే అసలు వ్యూహం. ఆయుధాల తేడా అక్కర్లేదని కాదు. బేకర్ రైఫిల్ మస్కెట్ కన్నా దూరం కొట్టేది, మందు నింపడానికి ఎక్కువసేపు పట్టేది. అది చూపని నియమాలతో, ఆ రైఫిల్ పట్టిన బ్రిటిష్ 95వ రైఫిల్స్ దళాన్ని ఆడించలేం. కానీ లెఫ్టినెంటు పడిపోయాక కూడా దళం ఎప్పటిలాగే కదులుతుంటే, ఆ పుస్తకం కొనకండి.