ఫమిలిస్మో: ఎవరి విలువ, ఎవరి చాకిరి?

అమెరికాలో మెక్సికన్, ప్యూర్టోరికన్, మధ్య అమెరికా మూలాలున్న స్త్రీలు, అంటే లాటినాలు, మంచాన పడ్డ తల్లిని, మతి తప్పిన అత్తను ఇంట్లోనే పెట్టుకుని ఎందుకు సాకుతున్నారు? నర్సింగ్, సోషల్ వర్క్ పరిశోధనలు చాలాకాలంగా ఒకటే జవాబు చెప్తున్నాయి: అది వాళ్ళ సంస్కృతి. ఆ సంస్కృతికి పేర్లు కూడా పెట్టారు. అన్నిటికన్నా కుటుంబమే ముందు అనుకోవడం ఫమిలిస్మో. పెద్దల మాటకు తలవంచడం రెస్పెతో. మరియమాతలాగా బాధను మింగి సేవ చేయడం మరియానిస్మో. ఈ విలువలు అబద్ధమని మేము అనడం లేదు. అమ్మను పరాయిచోట ఎట్లా వదిలేస్తాం అనే కూతురి మాటలో ప్రేమ ఉంది. మా తగవు ప్రేమతో కాదు. దాన్నే కారణంగా చూపించి, ఇంక అడగాల్సిందేమీ లేదన్నట్టు పుస్తకం మూసేసే పాండిత్యంతో.

మరియానిస్మో అనే మాట చర్చలోకి వచ్చింది 1973లో ఎవలిన్ స్టీవెన్స్ రాసిన వ్యాసంతో. లాటిన్ అమెరికా స్త్రీ నైతికంగా మగవాడికన్నా పైమెట్టు మీద ఉంటుందనీ, ఈ ఏర్పాటువల్ల ఆమెకు లాభమే ఉందనీ ఆమె వాదన. దేవత అని పొగిడి అంట్లు తోమించుకునే విద్య మనకు కొత్తదా? 1991లో ట్రేసీ ఎహ్లర్స్ గ్వాటెమాలా భార్యల గురించి రాస్తూ, వాళ్ళ ఓర్పు వెనక ఉన్నది భక్తి కాదు, మగవాడి సంపాదన మీద ఆధారపడాల్సిన గతి అని చూపించింది. 2002లో మరీసా నవారో ఆ భావననే తోసిపుచ్చింది. అయినా మాట చావలేదు. 2010లో దాన్ని కొలవడానికి ఒక స్కేలు కూడా తయారైంది!

ఫమిలిస్మో సంగతీ అంతే. 1987లో సబొగాల్, ఆయన సహపరిశోధకులు దాన్ని మూడు పాయలుగా విడదీశారు: కుటుంబం పట్ల బాధ్యత, కుటుంబం ఆదుకుంటుందన్న నమ్మకం, కుటుంబాన్ని చూసి నడుచుకోవడం. అమెరికా బతుకుకు అలవాటుపడేకొద్దీ మొదటిదీ మూడోదీ తగ్గాయి, నమ్మకం మాత్రం తగ్గలేదు. అంటే విలువలు రాతిమీద చెక్కినవి కావు, కదులుతాయి. ఇంకో సంగతి. ఫమిలిస్మోలో కొడుకు కూడా కుటుంబమే కదా. మరి మలమూత్రాలు ఎత్తే చేతులు కూతురివీ కోడలివీ ఎందుకయ్యాయి? ‘సంస్కృతి’ అని పేరు పెట్టగానే ఈ ప్రశ్న మాయమైపోతుంది.

వేరే దారి ఉండి కూడా ఇంట్లో సాకితే అది ఎంపిక. 1993 చట్టం కుటుంబ సభ్యులను చూసుకోవడానికి 12 వారాల సెలవు ఇచ్చింది, జీతం లేకుండా. 50 మందికన్నా తక్కువ ఉన్న ప్రైవేటు యజమానుల దగ్గర అదీ లేదు. ఆ చట్టంలో తల్లిదండ్రులు ఉన్నారు, అత్తమామలు లేరు. కోడలి చాకిరి చట్టం కంటికే ఆనలేదన్నమాట. 1996 చట్టం, ఆ తర్వాత వలస వచ్చినవాళ్ళలో ఎక్కువమందికి, గ్రీన్‌కార్డు ఉన్నా సరే, మెడికెయిడ్ వంటి సహాయం అయిదేళ్ళపాటు అందకుండా చేసింది. తలుపు మూసి, లోపలే ఉండిపోయినవాళ్ళ సంస్కృతిని మెచ్చుకుంటున్నారు. సందు దొరికినచోట ఏమైంది? 1999 నుంచి 2008 దాకా నర్సింగ్ హోముల్లో హిస్పానిక్ వృద్ధుల సంఖ్య సుమారు 55 శాతం పెరిగిందని 2011లో వచ్చిన ఒక అధ్యయనం తేల్చింది. అదే కాలంలో తెల్లవాళ్ళ సంఖ్య తగ్గింది. వృద్ధుల జనాభా పెరగడం ఒక కారణం. తెల్లవాళ్ళు ఇంకా మంచి వసతులకు తరలిపోవడం మరొకటి. తొమ్మిదేళ్ళలో ఒక జాతి విలువలు కూలిపోయాయని ఎవరంటారు?

అదే స్త్రీ బయట కూలికి చేసే సాకుడును కూడా చూడాలి. 1938 నాటి కనీస వేతన చట్టం ఇంటిపనివాళ్ళను వదిలేసింది. 1974లో వాళ్ళను చేర్చారు గానీ వృద్ధులను చూసుకునేవాళ్ళను ‘తోడుగా ఉండేవాళ్ళు’ అని పక్కన పెట్టారు. 2007లో జమైకా నుంచి వచ్చిన ఎవలిన్ కోక్ కేసులో సుప్రీంకోర్టు ఆ మినహాయింపునే ఏకగ్రీవంగా నిలబెట్టింది. 2013లో మార్చిన నిబంధనలు 2015లో గానీ అమల్లోకి రాలేదు. తన పిల్లలను ఊళ్ళో అమ్మమ్మ దగ్గర వదిలి లాస్ ఏంజెలిస్‌లో వేరేవాళ్ళ పిల్లలను పెంచే తల్లుల గురించి 1997లో హొందాగ్నూ-సొతేలో, అవిలా రాశారు. ఆ తల్లి ఫమిలిస్మోను ఏ స్కేలుతో కొలుస్తారు?

శూద్రుడి ధర్మం సేవ అని మనువు రాసిపెట్టాడు. కాబట్టి ‘సేవ వాళ్ళ స్వభావం’ అనే మాట వినగానే మన చెవులు నిక్కబొడుచుకుంటాయి. కులమూ జాతీ ఒకటే అని మేము అనం. చాకిరిని స్వభావంగా మార్చే పద్ధతి మాత్రం పోల్చదగ్గదే.

ఈ పరిశోధకులకన్నా హొసెఫీనా లోపెస్‌కు ఎక్కువ తెలుసు. ఆమె 1990 నాటి నాటకాన్ని 2002లో పత్రీసియా కార్దోసో ‘రియల్ విమెన్ హ్యావ్ కర్వ్స్’ పేరుతోనే సినిమాగా తీసింది. అందులో తల్లి కార్మెన్ పొద్దున్నే జబ్బు చేసిందని మంచం దిగదు, మగవాళ్ళకు టిఫిన్ ఎవరు చేస్తారని కూతురు ఆనాను అడుగుతుంది. ఆ తల్లిని సంప్రదాయ భూతంగా చూసి నవ్వుకోవడం తేలిక. కానీ పదమూడో ఏట నుంచి పనిచేస్తున్న మనిషి ఆమె. వాళ్ళ షాపులో 18 డాలర్లకు కుట్టిన గౌను బయట 600కు అమ్ముడవుతుంది. ఇప్పుడు నీ వంతు అని ఆమె కూతురితో అంటే, అది మరియమాత మాట కాదు, అలిసిపోయిన కూలిమనిషి మాట. చివర్లో ఆనా చదువుకోసం న్యూయార్క్ బయలుదేరుతుంది. తల్లి తలుపు గడియ పెట్టుకుని బయటికి రాదు. ఆనా వెళ్ళడం మాకు సంతోషమే. ఇంట్లో మిగిలింది పెళ్ళికాని అక్క ఎస్తేలా. రేపు కార్మెన్ మంచాన పడితే ఎవరు చూస్తారో సినిమా అడగదు.