మనోవర్తి తీర్పులు, వసూలు సమస్య: ఒక విమర్శ

షాబానో కేసు మీద తెలుగులో నేను చదివిన రాతలన్నీ ఒకచోట పేర్చి చూస్తే ఒక లోపం కొట్టవచ్చినట్టు కనిపిస్తుంది. విడాకులు పొందిన ముస్లిం స్త్రీకి ఇద్దత్ గడువు దాటిన తరువాత మనోవర్తి ఉన్నదా, లేదా అనే వాదం పుటలకొద్దీ సాగింది. సమర్థించినవారూ ఖండించినవారూ ఆయతులు చూపారు, ఫిఖహ్ గ్రంథాలు తిరగవేశారు. కోర్టు హుకుం ఇచ్చిన తరువాత ఆ రూపాయి ఆమె చేతికి ఎలా చేరుతుంది, చేరకపోతే ఆమె ఎవరి గడప తొక్కాలి అన్న విచారణ మాత్రం ఎవరూ చేయలేదు.

ఆ కేసులోని అంకెలనే చూద్దాం. షాబానో ఇందోరు మేజిస్ట్రేటు కోర్టులో దరఖాస్తు పెట్టింది 1978 ఏప్రిల్‌లో. 1979లో మేజిస్ట్రేటు నిర్ణయించిన మొత్తం నెలకు 25 రూపాయలు. 1980లో మధ్యప్రదేశ్ హైకోర్టు దానిని 179 రూపాయల 20 పైసలకు పెంచింది. ఆ మాత్రం సొమ్ముపై భర్త సుప్రీంకోర్టుకు వెళ్లగా, 1985 ఏప్రిల్ 23న ఆ అప్పీలు కొట్టివేయబడింది. భర్త స్వయంగా వకీలు, భార్య వృద్ధురాలు. ఏడేళ్లు పట్టింది. దేశమంతా తీర్పులోని ధర్మశాస్త్ర వ్యాఖ్యను పట్టుకుని రెండుగా చీలిందే గాని, 179 రూపాయల కోసం ఏడేళ్లేమిటని అడిగినవారు అరుదు.

ఇక చట్టం సంగతి. క్రిమినల్ ప్రొసీజర్ కోడు 125వ సెక్షను 2024 జూలై 1 నుంచి కొత్త నాగరిక్ సురక్షా సంహితలో 144వ సెక్షనుగా మారింది. వసూలు పద్ధతి దాదాపు పాతదే. భర్త తగిన కారణం లేకుండా చెల్లించకపోతే, జుల్మానా వసూలు చేసే రీతిలోనే మేజిస్ట్రేటు వారెంటు జారీ చేయవచ్చును. అప్పటికీ బాకీ నిలిస్తే ఒక నెల వరకు, లేదా అంతకు ముందే చెల్లిస్తే చెల్లించేవరకు, ఖైదు విధించవచ్చును. జైలుకు పోయి వచ్చినంత మాత్రాన బాకీ తీరినట్టు కాదని, ఖైదు వసూలుకు ఒక సాధనమే గాని చెల్లింపు కాదని 1980ల చివర సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఇంతవరకు బాగానే ఉన్నది. అయితే ఇదే నిబంధనలో ఒక మెలిక ఉన్నది: సొమ్ము చెల్లించవలసిన తేదీ నుంచి ఏడాదిలోగా దరఖాస్తు పెట్టకపోతే ఆ బాకీకి వారెంటు ఇవ్వరాదు.

ఈ మెలిక ఎవరిని కొడుతుందో నేనెరిగిన ఒక సోదరి ఉదంతం చెబుతుంది. ఊరూ పేరూ అనవసరం. ఆమెకు నెలకు 4,000 రూపాయల హుకుం వచ్చింది. భర్త రెండు నెలలు కట్టి ఊరకున్నాడు. మస్జిదు పెద్దలు కల్పించుకుని, “మళ్లీ కోర్టుకెందుకమ్మా, మేం మాట్లాడతాం కదా” అన్నారు. వారి ఉద్దేశం మంచిదే. మాట్లాడుతూనే పదహారు నెలలు గడిచిపోయాయి. చివరకు ఆమె దరఖాస్తు పెట్టేసరికి 64,000 బాకీలో 16,000 గడువు దాటిపోయింది. మిగిలిన దానికి జప్తు వారెంటు తీసుకుని ఇంటికి వెళితే సామాను తమ్ముడిదన్నారు, దుకాణం తమ్ముడి పేర ఉన్నదన్నారు. అరెస్టు వారెంటు వచ్చిన రోజున అతడు కోర్టు వరండాలో మూడు నెలల సొమ్ము లెక్కపెట్టి ఇచ్చి, తక్కినదానికి వాయిదా తీసుకున్నాడు. నఫఖా కుటుంబ పెద్ద దయాధర్మం కాదు, బాధ్యత అని జుమా ఖుత్బాల్లో వింటాం. ఆ వరండాలో అది భిక్షలాగానే కనిపించింది.

1986 చట్టాన్ని విమర్శించడం అందరికీ అలవాటు. నేనూ ఒకప్పుడు విమర్శించినవాణ్ణే. కాని వసూలు కోణం నుంచి చదివితే అందులో ఒక మేలు కనిపిస్తుంది. సముచితమైన ఏర్పాటును, పోషణను మాజీ భర్త ఇద్దత్ కాలంలోనే చేసి చెల్లించాలని దాని 3వ సెక్షను అంటుంది. 2001లో డేనియల్ లతీఫీ కేసులో సుప్రీంకోర్టు దీనిని వ్యాఖ్యానిస్తూ, చెల్లింపు ఇద్దత్ లోపలే జరగాలి గాని ఆ ఏర్పాటు ఆమె భావి జీవితానికంతటికీ సరిపోయేదిగా ఉండాలన్నది. అంటే ఒక్కసారిగా ఇచ్చే మొత్తం. నెలనెలా వెంటపడే బాధ లేదు. మహర్, పుట్టింటి వస్తువులు కూడా అదే దరఖాస్తులో అడగవచ్చును. ఎగవేస్తే శిక్ష ఏడాది వరకు. 125వ సెక్షనులోని నెల ఖైదుతో పోల్చి చూడండి. లోకం నిందించిన చట్టంలో వసూలు కోరలు కాస్త పదునుగా ఉన్నాయి.

2024 జూలై 10న తెలంగాణ నుంచి వెళ్లిన కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఈ రెండు మార్గాలూ స్త్రీకి తెరిచే ఉన్నాయని తేల్చింది. జస్టిస్ నాగరత్న, జస్టిస్ మసీహ్ వేర్వేరుగా రాసినా ఏకాభిప్రాయానికే వచ్చారు. ఫ్యామిలీ కోర్టు నెలకు 20,000 మధ్యంతర మనోవర్తి నిర్ణయించగా హైకోర్టు 10,000కు తగ్గించిన కేసు అది. కోర్టు ముందున్న ప్రశ్న ఏ చట్టం వర్తిస్తుందన్నదే కనుక, వసూలు గురించి అది చెప్పలేదని నిందించడం న్యాయం కాదు. నా ఫిర్యాదు తీర్పు మీద కాదు, దానిపై వచ్చిన వ్యాఖ్యల మీద. షరీఅత్‌లో జోక్యమని ఒకరు, స్త్రీకి విజయమని మరొకరు పాత పాటే పాడారు. వసూలుకు నిజంగా పనికివచ్చేది 2020 నవంబరు 4 నాటి మరొక తీర్పు. ఇరుపక్షాలూ ఆస్తులు, ఆదాయాల ప్రమాణపత్రం దాఖలు చేయాలని, దరఖాస్తు తేదీ నుంచే మనోవర్తి లెక్కించాలని, హుకుంను సివిల్ డిక్రీలాగా కూడా అమలు చేయించుకోవచ్చునని అది నిర్దేశించింది. మనోవర్తి డిక్రీకి జీతంలో మూడింట రెండు వంతుల వరకు జప్తు చేయవచ్చును. నెలజీతగాడి భార్యకు ఇది పెద్ద ఆసరా. ఆటో నడిపేవాడి భార్యకు, గల్ఫ్‌లో ఉన్నవాడి భార్యకు అంత కాదు.

మన ఫుఖహాలు ఈ సమస్యను ఎరగనివారు కారు. దివ్యఖుర్ఆన్ అల్ బఖరా సూరా 241వ ఆయతు గురించి అభిప్రాయభేదాలు ఉన్నాయి, ఉండనీయండి. బాకీపడిన మహర్, పిల్లల పోషణ, ఈ రెండింటి విషయంలో ఏ మజ్‌హబ్‌లోనూ పేచీ లేదు. పేచీ లేని ఈ బాకీలను ఎగవేసేవాడి విషయంలో మన సంస్థలు ఏం చేశాయి? హనఫీ మతం ప్రకారం ఖాజీ హుకుంగాని, పరస్పర ఒప్పందంగాని లేని గత నఫఖా రుణంగా నిలవదు. షాఫియీల దృష్టిలో హుకుం లేకపోయినా నిలుస్తుంది. కనుక హనఫీలు అధికంగా ఉన్న మన ప్రాంతంలో “ఆగమ్మా, చూద్దాం” అన్న సలహా మత దృష్ట్యా కూడా ఆమెకు నష్టమే. పెద్దలు కనీసం ఒప్పందాన్ని కాగితం మీద పెట్టించాలి.

మర్గీనానీ ‘హిదాయా’లో, భార్య నఫఖా నిలిపివేసిన భర్తను ఖైదు చేయవచ్చునన్న నియమం ఉన్నది, కారణం అతడు జాలిమ్ కావడం. నిజంగా పేదవాడైతే సంగతి వేరు. అప్పుడు భర్త పేర అప్పు తెచ్చుకోవడానికి ఖాజీ భార్యకు అనుమతిస్తాడు. ఋణదాత తన సొమ్ము కోసం భర్త వెంట పడతాడు. ఈ ఏర్పాటులోని తెలివి గమనించదగినది: తిరగవలసిన శ్రమ ఆకలితో ఉన్న స్త్రీ మీద నుంచి అప్పిచ్చినవాడి మీదికి మారింది. 1791లో చార్లెస్ హామిల్టన్ చేసిన అనువాదం ద్వారా ‘హిదాయా’ ఇంగ్లీషు కోర్టులకు ఎక్కింది. అప్పు ప్రకరణం మాత్రం మన కోర్టుల ఆచరణలోకి రాలేదు.

ఆ సూత్రమే వేరే రూపంలో ఈజిప్టులో, ట్యునీషియాలో చట్టమైంది. ఈజిప్టులో 1976 నుంచి నాసర్ సోషల్ బ్యాంకు హుకుం ఉన్న స్త్రీకి నఫఖా చెల్లించి, దానిని భర్త నుంచి రాబట్టే బాధ్యత తీసుకున్నది. ట్యునీషియా 1993లో ఇందుకోసం ఒక హామీ నిధిని నెలకొల్పింది. ఇవి లోపరహితమని నేననను. కాని స్త్రీని కోర్టు వరండాలో నిలబెట్టడం తప్పనిసరి కాదని ఇవి రుజువు చేస్తున్నాయి. మన 1986 చట్టపు 4వ సెక్షను బంధువులు లేనప్పుడు వక్ఫ్ బోర్డు పోషించాలంటుంది. అయితే అది బంధువులు, బోర్డు అనే వరుస పెట్టిందే గాని, ముందు చెల్లించి తరువాత ఎగవేతదారు నుంచి రాబట్టుకునే అధికారం బోర్డుకు ఇవ్వలేదు. ఆ ఒక్క వాక్యం లేకపోవడం వల్ల బోర్డు దృష్టిలో ఆమె ఖర్చుగానే మిగిలిపోయింది. సవరణ కోరవలసింది ఇక్కడ. నలభై ఏళ్లుగా మన మహజర్లలో నాకు ఈ కోరిక కనిపించలేదు.

ఆ సోదరి ఇప్పుడు మూడు నెలలకొకసారి వారెంటు దరఖాస్తు పెడుతున్నది. పెద్దల సలహా అడగడం మానేసింది. గడువు తేదీలు క్యాలెండరు మీద గీతలు గీసి ఉంచుకున్నది.